నలభై అయిదేళ్ళకి ఉగ్గు

పోయినేడు వేసవిలో గుంటూరులో మా అక్క వాళ్ళింట్లో, ఆరున్నర నెలల మా మనవరాలు సగం తిని మూతి తిప్పేసుకున్న ఉగ్గు గిన్నె నా చేతికొచ్చింది. (మనవరాలంటే అక్క కూతురి కూతురు. నలభై అయిదుకే తాతయ్యనైపోయాను, అది వేరే బాధ.) "మావయ్యా, కాస్త ఈ గిన్నె సింకులో పడెయ్యవా" అని ఇచ్చి మా మేనకోడలు పిల్ల మూతి తుడవడంలో పడింది. నేను వంటింటి గట్టు దగ్గర నిలబడి, ఎవరూ చూడట్లేదు కదా అని, ఆ వెండి గిన్నెలో మిగిలిన నాలుగు చెంచాలూ తినేశాను. గోరువెచ్చగా ఉంది, పైన నెయ్యి వాసన, వెనకాల ఎక్కడో జీలకర్ర. తినేసి అలవాటు ప్రకారం పొట్ట మీద చెయ్యేసుకుని ఎదురుచూశాను. అరగంట అయింది, గంట అయింది, ఏమీ కాలేదు. మంట లేదు, ఉబ్బరం లేదు, బాత్‌రూమ్‌కి పరుగు లేదు. మూడు వారాల్లో నేను తిన్నవాటిలో గొడవ చెయ్యకుండా లోపలికెళ్ళి కూర్చున్న మొదటి తిండి అదే.

అప్పటికి నా సంగతేంటంటే, ఆర్నెల్లుగా కడుపులో మంట, ఎండోస్కోపీ చేయించుకుంటే లోపల వాచి ఉందన్నారు, హెచ్. పైలోరీ అనే బ్యాక్టీరియా ఉందని తేలింది, 14 రోజులు పొద్దునా రాత్రీ యాంటీబయాటిక్స్ మింగాను. ఈ బ్యాక్టీరియా వల్ల అల్సర్లు వస్తాయంటే ఎవరూ నమ్మట్లేదని బారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టరు 1984లో దాన్ని పెంచిన ద్రవం తనే తాగేసి జబ్బు తెచ్చుకుని చూపించాడు, 2005లో రాబిన్ వారెన్‌తో కలిపి ఆయనకి నోబెల్ ఇచ్చారు. మా ఇంట్లో మాత్రం అంత కష్టపడక్కర్లేకుండానే నమ్మేశారు. "చూశావా, ఏదో పురుగంట, కారం వల్ల కాదంట" అని మా బాబాయి మహా సంతోషపడ్డాడు. మాది నరసరావుపేట దగ్గర, ఇంట్లో ఏ కాలంలో చూసినా కొరివికారం జాడీ ఖాళీ అవ్వదు, కాబట్టి ఆ సంతోషం అర్థం చేసుకోవచ్చు.

పురుగు పోయింది. కానీ మందుల దెబ్బకి పేగులు అలిగి కూర్చున్నాయి. ఏం తిన్నా అయితే ఉబ్బరం, లేకపోతే పరుగు. డాక్టరుగారు "కొన్నాళ్ళు మెత్తగా, కమ్మగా, కొంచెం కొంచెంగా తినండి" అని చెప్పి పక్క గదికి పంపిస్తే, అక్కడొక అమ్మాయి ప్రింటు తీసిన కాగితం చేతిలో పెట్టింది. పాలల్లో ఓట్స్, మిక్స్‌డ్ వెజిటబుల్ సూప్, బ్రకోలీ ప్యూరీ, ఆపిల్ ప్యూరీ. నేను బుద్ధిగా అన్నీ చేసుకున్నాను. ఉల్లిపాయ, వెల్లుల్లి, కాలీఫ్లవర్ వేసి ఉడికించి, వెన్నలా మిక్సీ పట్టి, పెద్ద గిన్నెడు సూప్ తాగాను. ఆ రాత్రి పొట్టలో తెల్లవార్లూ ట్రాక్టరు నడిచింది. మెత్తగానే ఉంది కదా, మరి ఎందుకిలా అని అర్థంకాక, ఇంకా మెత్తగా చెయ్యాలేమో అనుకుని మర్నాడు ఇంకో రెండు నిమిషాలు మిక్సీ తిప్పాను. అంత తెలివి.

సరే, ఉగ్గు దగ్గరికి వద్దాం. గిన్నె ఖాళీగా ఉండటం అమ్మ చూసింది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. "పిల్ల వదిలేసింది తిన్నావా? పడిందా?" అంది. పడిందన్నాను. అంతే, సాయంత్రానికి హాల్లో పాత పంచె పరిచి దానిమీద కడిగిన బియ్యం, చాయపెసరపప్పు ఆరబోసింది.

అమ్మ చేసే లెక్క ఇది. రెండు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు పెసరపప్పు. కడిగి, నీడలో ఆరబెట్టి, వేటికవి విడివిడిగా సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి, చివర్లో కాస్త జీలకర్ర, చిటికెడు వాము. చల్లారాక సన్నరవ్వలా పట్టించి డబ్బాలో పోసుకోవాలి. పిల్లకి చేసేదాంట్లో కందిపప్పు, మినప్పప్పు కూడా వేస్తుంది, నాకు అవి తీసేసింది. "నీ పొట్ట దానికంటే చిన్నది" అంది. నాలుగు చెంచాల పొడిని ముందు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, రెండు గ్లాసుల నీళ్ళు మరిగాక అందులో పోసి, సన్నసెగ మీద పావుగంట తిప్పుతూ ఉడికించాలి. ఈ పావుగంట దగ్గరే అందరూ తొందరపడతారు, అయిదు నిమిషాలకి చిక్కబడిపోతుంది కాబట్టి అయిపోయిందనుకుంటాం. నోట్లో వేసుకుంటే రవ్వ తగులుతూ ఉంటుంది. పావుగంటకి ఆ రవ్వ విచ్చుకుని, గరిటెనుంచి జారేటప్పుడు తీగలా కాకుండా దుప్పటిలా జారుతుంది. అప్పుడు ఉప్పు, నెయ్యి.

ఒక విషయం గమనించాను. ప్యూరీ అన్నదానికి మనకి ఒక మాట లేదనుకుంటాం గానీ, నిజానికి బోలెడున్నాయి. జారుగా ఉంటే జావ, పల్చగా ఉంటే గంజి, పులియబెడితే అంబలి, పప్పుని గుత్తితో ఎనిపితే ముద్దపప్పు, పండుని పిసికితే గుజ్జు. పసిపిల్లకి పెడితే ఉగ్గు, పెద్దవాళ్ళకి పెడితే మెత్తన్నం, జొరం వచ్చినవాడికి పెడితే పథ్యం. తినే మనిషిని బట్టి పేరు మారిపోతుంది, గిన్నెలో ఉన్నది మాత్రం ఇంచుమించు అదే. నడివయసులో, కాళ్ళూ చేతులూ లక్షణంగా ఉండి, రోజూ మెట్రో ఎక్కి ఆఫీసుకెళ్ళే మనిషి తింటే మాత్రం దానికి పేరు లేదు. పేరు లేకపోవడం వల్ల ప్రతిసారీ కథంతా చెప్పాల్సొస్తుంది. ఈ ఏడాదిలో పొట్ట నన్ను పెట్టిన బాధ కంటే "అదేంటి, అలా తింటున్నారేంటి" అన్న ప్రశ్న పెట్టిన బాధే ఎక్కువంటే నమ్ముతారా?

హైదరాబాద్ తిరిగొచ్చాక నేనే వండుకోవడం మొదలుపెట్టాను. మొదటి వారమే చెయ్యకూడని పని చేశాను. కుక్కర్లోంచి తీసిన క్యారెట్, పెసరపప్పు పొగలు కక్కుతుండగానే జార్ నిండా పోసి మూత పెట్టి స్విచ్ వేశాను. మూత ఎగిరింది. నారింజరంగు పప్పు గోడ మీద, క్యాలెండర్ మీద, నా గడ్డం మీద, పైన తిరుగుతున్న ఫ్యాన్ రెక్కల మీద. ఫ్యాన్ ఆ పనిని హాలు దాకా తీసుకెళ్ళింది. మా ఆవిడ వచ్చి ముందు నా గడ్డం చూసి, కాలింది కొంచెమే అని ఖాయం చేసుకుని, తర్వాత ఫ్యాన్ చూసి, ఏమీ అనకుండా స్టూల్ తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళిపోయింది. వేడివేడిది మూసి తిప్పితే ఆవిరి ఒక్కసారిగా పెరిగి మూతని తన్నేస్తుందట. చల్లారనివ్వాలి, జార్ సగమే నింపాలి. ఇది చదివిన ఒక్కరైనా ఫ్యాన్ తుడవకుండా బయటపడితే నాకు చాలు.

ఆ తర్వాత మిక్సీ చాలావరకు మానేశాను, భయంతో కాదు. అన్నాన్ని మిక్సీలో తిప్పితే గంజిపిండి అంతా బయటికొచ్చి పోస్టర్లు అంటించే జిగురులా తయారవుతుంది, బంగాళదుంపా అంతే. అదే అన్నాన్ని మూడింతలు ఎక్కువ నీళ్ళు పోసి ఉడికించి పప్పుగుత్తితో మెదిపితే మెత్తగా ఉంటూనే నోటికి అన్నమని తెలుస్తుంది. సొరకాయ, పొట్లకాయ, తీపి గుమ్మడి, క్యారెట్ ఇలాంటివి గుత్తికి లొంగుతాయి. బీరకాయకి మాత్రం ముదురుదైతే లోపల పీచు ఉంటుంది, దాన్ని మెదిపాక స్టీలు జల్లెడలో గరిటె వెనకభాగంతో రుద్దితే గుజ్జు కిందికి దిగి పీచు పైన మిగులుతుంది. ఇంకోటి, అన్నీ కలిపి ఒకే జార్లో కొట్టెయ్యకండి. పప్పు, గుమ్మడి, అన్నం కలిపి కొడితే వచ్చే మట్టిరంగు ముద్దని మొదటి రోజు ఆరోగ్యం పేరు చెప్పి తింటాం, నాలుగో రోజు చూడగానే ఏడుపొస్తుంది. పళ్ళెంలో పసుప్పచ్చగా పప్పు, పక్కన తెల్లగా మెత్తన్నం, ఇంకో పక్క లేత ఆకుపచ్చగా సొరకాయ గుజ్జు, మీద నేతిలో వేయించిన జీలకర్ర పోపు, చిటికెడు ఇంగువ. అప్పుడది భోజనంలా ఉంటుంది, పాల్లేని పిల్లకి పాలడబ్బాలా ఉండదు.

సొరకాయ అన్నాను కాబట్టి ఇక్కడ కాస్త సీరియస్‌గా వినండి. కొయ్యగానే పచ్చి ముక్క చిన్నది నాలిక మీద పెట్టుకుని చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి కాయ మొత్తం పారెయ్యండి. చేదు సొరకాయలో కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాలు ఉంటాయి, ఉడికిస్తే పోవు. పచ్చి సొరకాయ రసం చేదుగా ఉన్నా ఆరోగ్యానికి మంచిదని తాగేసి రక్తపు వాంతులై ఆస్పత్రిపాలైనవాళ్ళు మన దేశంలో ఉన్నారు, చనిపోయినవాళ్ళూ ఉన్నారు, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దీనిమీద ప్రత్యేకంగా అధ్యయనం చేసి చేదుగా ఉంటే తాగొద్దని హెచ్చరించింది. ఇరవై రూపాయల కాయ కోసం మొహమాటపడొద్దు.

ఇంతకీ మెత్తగా తింటే ఎందుకు హాయిగా ఉంటుంది? జీర్ణాశయం కింది భాగం ఒక రుబ్బురోలు లాంటిది. మనం మింగిన గట్టి పదార్థాన్ని అది పిసికి పిసికి, ముక్కలు ఒకటి రెండు మిల్లీమీటర్ల సైజుకి వచ్చాక గానీ చిన్నపేగులోకి వదలదు. మనమే ముందుగా మెత్తగా రుబ్బి పంపిస్తే దానికి ఆ చాకిరీ తగ్గుతుంది, తొందరగా ఖాళీ అవుతుంది. షుగర్ ఎన్నేళ్ళగానో ఉండి పొట్ట కదలికలు మందగించినవాళ్ళకి డాక్టర్లు ఇలా మెత్తటివి తినమనేది ఇందుకే.

కానీ నా సూప్ గొడవకి జవాబు ఇది కాదు. అది తర్వాత ఇంకో డాక్టరమ్మ చెబితే తెలిసింది. ఉల్లిపాయనీ, వెల్లుల్లినీ ఎంత మెత్తగా రుబ్బినా అవి ఉల్లి, వెల్లుల్లే. వాటిలో ఉండే కొన్ని రకాల పిండిపదార్థాలు చిన్నపేగులో అరగవు, పెద్దపేగులోకి వెళ్ళి అక్కడి బ్యాక్టీరియాకి విందవుతాయి, ఆ విందు తాలూకు గ్యాసే మనం రాత్రంతా మోసేది. పాలలో లాక్టోజ్, ఆపిల్‌లో సార్బిటాల్, కాలీఫ్లవర్‌లో మానిటాల్, అన్నీ ఈ కోవలోవే. ఆస్ట్రేలియాలో మోనాష్ యూనివర్సిటీవాళ్ళు వీటన్నిటినీ కలిపి ఫాడ్‌మ్యాప్ అని పేరు పెట్టి ఏ తిండిలో ఎంత ఉందో కొలిచి పెట్టారు. అంటే నా ప్రింటు కాగితంలో నాలుగుకి మూడు నాకు పడనివే, పైగా మెత్తగా చేసుకుని మరీ తాగాను. మెత్తగా చేస్తే గరుకు పోతుంది, గుణం పోదు. ఈ ఒక్క ముక్క ఎవరైనా మొదటిరోజే చెప్పి ఉంటే నాకు నెల కలిసొచ్చేది. అలాగని అందరికీ ఇవే పడవని కాదు, మా తోడల్లుడికి కూడా ఇదే రోగం, అతనికి పాలు బ్రహ్మాండంగా పడతాయి, గోధుమరొట్టె పడదు. రోజుకొకటి చొప్పున తిని చూసి పాత డైరీలో రాసుకోవడం తప్ప దారి లేదు.

రెండు పొరపాట్లు చెప్పాలి. ఒకటి, ఉగ్గు హాయిగా ఉంది కదా అని నెలన్నర దాదాపు అదే తిన్నాను. 71 కిలోలున్నవాణ్ణి 66కి దిగాను. లెక్క వేసుకుంటే తెలిసింది, గిన్నెడు ఉగ్గులో పొడి మహా అయితే 50 గ్రాములు, అంటే 175 కేలరీలు, నెయ్యి చెంచాకి ఇంకో 45. మిగతాదంతా నీళ్ళే. రోజుకి నాలుగు గిన్నెలు తాగినా వెయ్యి దాటదు. పొట్ట నిండిపోతుంది, మనిషి ఎండిపోతాడు. తర్వాత పెరుగు, మెత్తగా ఉడికిన గుడ్డు పెసరకట్టులో మెదిపి కలపడం, అరటిపండు గుజ్జు చేర్చాను. చికెన్ కూడా మిక్సీలో కొట్టి చూశాను. దాని గురించి రాయను, తినేవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకి దణ్ణం.

రెండోది నాన్న విషయం. నాన్నకి పదిహేనేళ్ళుగా షుగర్. మా ఇంటికొచ్చిన వారం రోజులూ "నాక్కూడా అదే పొయ్యరా, హాయిగా ఉంది" అని ఉగ్గూ, మెత్తన్నమూ తిన్నాడు. మామూలుగా భోజనమైన రెండు గంటలకి 180 దగ్గర ఉండే షుగరు 250 దాటింది. అదే బియ్యం, అదే పప్పు, కానీ మెత్తగా ఉడికించి మెదిపితే అరగడం సులువు, రక్తంలో చక్కెర కూడా అంతే వేగంగా పెరుగుతుంది. నా పొట్టకి మేలు చేసిందే నాన్నకి చేటు చేసింది. ఇంట్లో షుగరున్నవాళ్ళుంటే మీటరు చూసుకుంటూ చెయ్యండి.

ఆఫీసులో మొదట్లో ఫ్లాస్కు పట్టుకెళ్ళేవాణ్ణి. పొద్దున ఏడింటికి వేడివేడిగా పోసి మూసేస్తే ఒంటిగంటకి తినొచ్చనుకున్నా. ఒకరోజు పెరుగు కలిపిన మెత్తన్నం గోరువెచ్చగా ఉండగా పోసి పట్టుకెళ్ళాను, అది మే నెల. మూత తీస్తే టప్‌మని చప్పుడు, పుల్లటి వాసన, పక్క సీటు కుర్రాడు "అన్నా, బీరా?" అన్నాడు. గోరువెచ్చగా మూసిపెట్టిన అన్నం పాడవ్వడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. ఇప్పుడు పొడి మాత్రం చిన్న డబ్బాలో ఆఫీసు డ్రాయర్లో పెట్టుకుని, ప్యాంట్రీలో ఇండక్షన్ స్టవ్ మీద అప్పటికప్పుడు కాచుకుంటున్నాను. ఆ కుర్రాడే ఒకరోజు తాగి తలనొప్పిగా ఉన్నప్పుడు ఒక గ్లాసు అడిగి తీసుకున్నాడు. తర్వాత రెండుసార్లు అడిగాడు.

పొద్దున పూట కూకట్‌పల్లిలో మా కాలనీ పార్కు దగ్గర రాగిజావ బండి ఉంటుంది. మొదట్లో రాగులు నాకు బరువనిపించేవి, ఇప్పుడు పడుతున్నాయి. రాగుల్లో 100 గ్రాములకి 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది కాబట్టి పాలు మానేసినవాడికి అదో ఊరట. "ఉల్లిపాయ వద్దు, పచ్చిమిర్చి వద్దు, మజ్జిగ ఎక్కువ" అంటే బండి అతను మొదటిరోజు "అయితే ఇంకేముంది సార్ అందులో" అన్నాడు. ఇప్పుడు నన్ను చూడగానే గ్లాసు వేరే తీసి పెడతాడు.

అసలు పరీక్ష కార్తీకంలో మా పెదనాన్న మనవడి పెళ్ళిలో. బంతి భోజనాలు. విస్తట్లో గోంగూర, పనసపొట్టు కూర, ఆవడలు, గుత్తివంకాయ అన్నీ వరసగా పడుతుంటే నేను అరచెయ్యి అడ్డంపెడుతూ కూర్చున్నాను. చివరికి అన్నం, పప్పు, నెయ్యి పెట్టించుకుని, మెతుకు కనబడకుండా వేళ్ళతో పిసుక్కోవడం మొదలుపెట్టాను. ఎదురు వరసలోంచి బాబాయి, "ఏరా అబ్బాయ్, ఇది తినడానికా హైదరాబాద్ నుంచి వచ్చావు" అని అందరికీ వినబడేలా అన్నాడు. జవాబు చెప్పే ఓపిక లేక తల వంచుకుని పిసుకుతున్నాను. నా పక్క విస్తరి ముందు ఎనభై ఏళ్ళు దాటిన పెద్దాయన, పెళ్ళికూతురు తరఫు, ఆయనా అచ్చం నాలాగే పిసుకుతున్నాడు. కాసేపు నా చేతివైపు చూసి, మెల్లగా నా వైపు వంగి, "నీకూ పళ్ళు లేవా నాయనా?" అన్నాడు. "ఉన్నాయండి, పొట్టే లేదు" అన్నాను. ఆయన తలూపి, వడ్డించే కుర్రాణ్ణి పిలిచి, "ఇదిగో, మా ఇద్దరికీ ఇంకాస్త నెయ్యి పొయ్యి" అన్నాడు. "మా ఇద్దరికీ" అన్న మాటకి నాకు ఎందుకో గొంతు పట్టేసింది. పోనీలెండి.

ఇదంతా చదివి ఎవరికివారు డాక్టరైపోవద్దు. కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, విరేచనంలో రక్తం పడుతున్నా, నల్లగా తారులా అవుతున్నా, నిద్రలోంచి లేపేంత నొప్పి ఉన్నా ఉగ్గు కాచుకుంటూ కూర్చోకుండా పరీక్షలు చేయించుకోండి. మింగడమే కష్టంగా ఉన్నవాళ్ళ సంగతి పూర్తిగా వేరు. పక్షవాతం తర్వాత పొరబోతుంటే ఎంత పల్చగా పెట్టాలి, ఎంత చిక్కగా పెట్టాలి అన్నదానికి వాళ్ళకి 0 నుంచి 7 దాకా లెవెళ్ళున్నాయి, అది చూసి చెప్పాల్సింది నిపుణులే, పప్పుగుత్తి పట్టుకున్న నాలాంటివాడు కాదు.

నేనిప్పుడు రోజంతా మెత్తగా తినట్లేదు. నాలుగో నెలలో ఇడ్లీతో మొదలుపెట్టాను, తర్వాత మామూలు అన్నం, తర్వాత నమలాల్సిన కూరలు. అన్నట్టు నమలడం మర్చిపోతామండీ, నిజంగా. నెలలపాటు చెంచాతో మింగడం అలవాటైతే దోసె ముక్క కూడా అలాగే మింగబోతాం. రాత్రిపూట మాత్రం ఇప్పటికీ మెత్తన్నమో, ఉగ్గో. ప్రయాణం చేసొచ్చినా, ఆఫీసులో ఆడిట్ టెన్షన్ ఉన్నా, రెండురోజులు పూర్తిగా దానికే వెళ్ళిపోతాను.

మొన్న ఆదివారం అక్కావాళ్ళు వచ్చారు. మనవరాలికి ఏడాదిన్నర నిండింది, ముందు నాలుగు పళ్ళు, నోరు ఒక్క క్షణం ఊరుకోదు. దానికి ఉగ్గు పెడితే గిన్నె తోసేసింది. నేరుగా వాళ్ళమ్మమ్మ కంచం దగ్గరికెళ్ళి ఆవకాయ కలిపిన ముద్ద వైపు వేలు చూపించి "ఆ... ఆ..." అంటుంది. అక్క నీళ్ళల్లో కడిగి ఇంత మాగాయ టెంక దాని చేతిలో పెడితే, కళ్ళల్లో నీళ్ళు కారుతున్నా వదలకుండా చప్పరిస్తోంది. గుంటూరు రక్తం. దాని ఉగ్గు గట్టు మీద చల్లారిపోతోంది.

"తాతయ్యకిచ్చెయ్యవే" అంది అమ్మ.